అటక మీది జవాబు

"థర్మోస్టాట్ ఎంతలో పెట్టారు కొమాద్రే?"

"డెబ్బయి ఎనిమిది."

"ఇంట్లో ఎంత చూపిస్తోంది?"

"తొంభై ఏడు."

"ఫిల్టర్?"

"మొన్ననే మార్చాను."

"బయటి మిషను తిరుగుతోందా?"

"బొంగరంలా."

"మరి గాలి?"

"ఎందుకు రాదూ, వస్తోంది. కుక్క మొహం మీద ఊపిరి వదిలినట్టు వస్తోంది. నేను ఫోన్ చేసింది దానికి కాదు కొంపాద్రే. పన్నెండు రోజులైంది. చెంచో నాతో మాట్లాడటం మానేశాడు."

తేయో బరాసాకు ఏసీ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇది కొత్త రకం. ఇరవయ్యేళ్ల అలవాటు కదా, నోరు దానంతటదే తర్వాతి ప్రశ్న వేసేసింది.

"పూర్తిగా మానేశాడా, అప్పుడప్పుడూ మాట్లాడుతున్నాడా?"

అడిగాక నాలుక కరుచుకున్నాడు. చెంచో చచ్చిపోయి ఏడాది దాటింది మరి.

"పూర్తిగా," అంది చెంచో భార్య హెర్లిందా. "గాలి వేడెక్కిన రోజు నుంచీ."

బూడిదలోంచి లేచిన పక్షి పేరు పెట్టుకున్న ఊరు ఫీనిక్స్. ఏటా జులైలో ఆ పక్షి తిరిగి బూడిదలోకే దిగి, నవంబరులో గానీ రెక్క విదల్చదు. నూట పదహారు డిగ్రీలు. మనం జ్వరం కొలుచుకునే లెక్కలోనే. నూట మూడు దాటితే మనం మనిషిని ఆస్పత్రికి మోసుకెళ్తాం. అక్కడ నూట పదహారులో మనిషి పాలు కొనుక్కురావడానికి వెళ్తాడు. "చల్లగా ఉండు నాయనా" అన్నది అక్కడ దీవెన కాదు, ఏసీ మెకానిక్కుకు ఇచ్చే ఆర్డరు.

తేయో ఆ ఊళ్లో గాలి వైద్యుడు. పూర్తి పేరు ఎలెయుతేరియో. అది పలకడం పూర్తయ్యేలోపు ఇల్లు ఇంకో రెండు డిగ్రీలు కాగుతుందని అందరూ తేయోతో సరిపెట్టారు. చెంచోతో కలిసి పంతొమ్మిదేళ్లు ఒకే వ్యానులో తిరిగాడు. చెంచో కూతురికి జ్ఞానస్నానం నాడు బిడ్డను చేతుల్లో పట్టుకుని నిలబడ్డ జ్ఞానతండ్రి అతనే. దాంతో చుట్టరికం కుదిరింది: మగవాళ్లిద్దరూ ఒకరికొకరు కొంపాద్రే, చెంచో భార్య కొమాద్రే. రక్తం పంచుకున్న చుట్టరికమైనా తెగుతుందేమో గానీ ఇది తెగదంటారు వాళ్లు. ఒకే కంచంలో తింటూ కూడా ఒకరినొకరు జీవితాంతం "మీరు" అనుకుంటారు. మన చెవికి ఆ మాటలో కొంప వినబడుతుంది. కొంపను ఆదరించేవాడు కొంపాద్రే అనుకుంటే ముచ్చటగానే ఉంటుంది. కొంప ముంచినవాణ్ణి కూడా అదే పేరుతో పిలుస్తారన్నదే తేయో బాధ.

తేయో ఆరడుగుల మనిషి, నడుం చుట్టూ ఇంకో నాలుగు. చెంచో చీపురుపుల్ల. అందుకని బయటి మిషనూ, కింద మీటలూ తేయోవి, అటక చెంచోది. "లోకంలో ఏ పనైనా అటకెక్కితే ఆగిపోతుంది, మా పని అటకెక్కితేనే మొదలవుతుంది" అనేవాడు చెంచో. జులైలో ఫీనిక్స్ అటక మీద నూట యాభై డిగ్రీలుంటుంది. అక్కడ మాటిమాటికీ అరిస్తే గొంతు ఎండిపోతుంది. అందుకని వాళ్లకో పద్ధతి ఉండేది. కిందివాడు చీపురు కర్రతో కప్పుకు రెండు దెబ్బలు వేయాలి: ఎలా ఉన్నారు, ఫ్యాన్ వెయ్యనా? పైవాడు మూడు వేయాలి: బానే ఉన్నాను, వెయ్యండి.

పోయిన జులైలో గ్లెండేల్ వైపు ఒకరింట్లో కొత్త రేకు పెట్టె బిగించడానికి చెంచో మధ్యాహ్నం పూట పైకెక్కాడు. వద్దన్నా వినలేదు. తేయో కింద నుంచి రెండు కొట్టాడు. మూడు వచ్చాయి. నిశ్చింతగా బయటికెళ్లి మిషను పక్కన గొడుగేసుకుని గ్యాస్ చూసుకుంటూ కూర్చున్నాడు. నలభై నిమిషాలయ్యాక లోపలికొచ్చి మళ్లీ కొట్టాడు. ఏమీ రాలేదు. పైకి పోవడమన్న ఒక్క మాటకు మనం రెండర్థాలు పెట్టుకున్నాం. చెంచో ఒకే నిచ్చెన మీద రెండూ కానిచ్చేశాడు.

ఆస్పత్రిలో డాక్టరు తేయోను పక్కకు పిలిచి వేళలు అడిగి రాసుకున్నాడు. మూడు దెబ్బల సంగతి విని తలెత్తాడు. "ఆ టైముకి అతను చెయ్యెత్తే స్థితిలో ఉండడే! అప్పటికే స్పృహ తప్పి చాలాసేపై ఉండాలి. ప్రాణం పోయింది మాత్రం ఆ తర్వాతే," అన్నాడు.

ఆ మాట తేయో ఎవరికీ చెప్పలేదు. తనకు తాను మాత్రం ఒక సమాధానం చెప్పుకున్నాడు. ఒళ్లు పడిపోయినా చెంచో ఆత్మ లేచి, పద్ధతి తప్పకుండా మూడు కొట్టి, ఫరవాలేదు వెళ్లండి కొంపాద్రే అని పంపేసింది. జవాబిచ్చింది చెంచోయే అయితే, తేయో చేసిన తప్పేమీ లేదు. చెంచో కాకపోతే... ఆ వాక్యాన్ని తేయో ఏడాదిగా పూర్తి చెయ్యలేదు. అటకా ఎక్కలేదు. బయటి మిషన్లు బాగుచేసుకుంటూ, ఎవరైనా అటక అంటే "నా నడుం పట్టదండీ" అని నవ్వేస్తూ నెట్టుకొస్తున్నాడు.

చెంచో పోయాక ఆత్మశాంతికి ఇంట్లో జపమాల చదివిన తొమ్మిది రోజుల్లో ఒకనాడు హెర్లిందా చెయ్యి పట్టుకుని మాత్రం ఒక మాట అన్నాడు. "చివరిదాకా నాకు జవాబిస్తూనే ఉన్నాడు కొమాద్రే."

*

ఎండ రాకముందే అటక చూడాలని మర్నాడు తెల్లవారుజామున అయిదున్నరకే వెళ్లాడు. వెళ్లాడే గానీ దారి పొడుగునా ఒకటే మొక్కు: తప్పు బయటి మిషన్లోనే ఉండాలి దేవుడా, కెపాసిటరే పోయి ఉండాలి, ఆ కెపాసిటర్ నా జేబులోంచి వేస్తాను.

హెర్లిందా తలుపు తీసింది. యాభై దాటిన మనిషి. నెత్తిన తడిగుడ్డ. ఇల్లంతా కాగిన మూకుడు వాసన.

"లావైపోయారు కొంపాద్రే."

"గాలి పీల్చి బతుకుతున్నాను కదా, గాలే పట్టింది."

"ఏడాదిలో నాలుగుసార్లు వచ్చారు. నాలుగుసార్లూ గుమ్మంలోనే. మా ఇంట్లో మీకేమైనా గాలి సోకుతుందని భయమా?"

వేళాకోళానికే అంది. తేయో మాత్రం పక్కింటి గోడ వైపు చూశాడు.

వంటింటి బల్ల మీద రెండు కాఫీ కప్పులున్నాయి. మూడోది కూడా ఉంది, ఖాళీగా, చెంచో కూర్చునే వైపు. ఆ కుర్చీ వెనక గోడకు చీపురు ఆనించి ఉంది. కర్ర కొస తగిలి తగిలి ఇంటి పైకప్పు మీద అణా కాసంత గుంట పడింది. తేయో దాన్ని చూసి చూపు తిప్పుకున్నాడు.

"సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా కరెంటు రేటు మండిపోతుంది కదా," అంది హెర్లిందా. "అందరిలాగే నేనూ ఆ మూడు గంటలూ ఏసీ ఆపేస్తాను. ఏడు కొట్టగానే ఇద్దరికీ కంచాలు పెట్టి, చీపురుతో రెండు కొట్టి, మీట నొక్కుతాను. మూడు కొట్టేవాడు. ఒక్కనాడు తప్పలేదు కొంపాద్రే. బతికున్నన్నాళ్లూ భోజనానికి పిలిస్తే ముగ్గురు వెళ్లి లాక్కురావాల్సిన మనిషి! చచ్చాక బుద్ధొచ్చింది."

"ముందు... కొట్టి, తర్వాత నొక్కేవారా?"

"మీరు పెట్టుకున్న పద్ధతే కదా. మీరు చెప్పబట్టే నాకా ఆలోచనైనా వచ్చింది. చివరిదాకా జవాబిస్తూనే ఉన్నాడన్నారు. ఇప్పుడిస్తాడేమోనని కొట్టి చూశాను. ఇచ్చాడు." నెత్తి మీది గుడ్డ తీసి పిండుకుని మళ్లీ వేసుకుంది. "ఈ వేడికి నేను చస్తే చస్తాను, అదేం పెద్ద పని కాదు. ఆయన ఎందుకు ఊరుకున్నాడో అది చెప్పండి నాకు. నేనేమన్నా అన్నానా?"

తేయో కాఫీ సగంలోనే వదిలేశాడు. బయటి మిషను చూసొస్తానని లేచాడు.

బయట మొక్కు చెల్లలేదు. కెపాసిటర్ గుండ్రాయిలా ఉంది. ఫ్యాను తిరుగుతోంది, కంప్రెసర్ గుర్రుమంటోంది. లోపలికి పోయే లావు గొట్టం పట్టుకుంటే చల్లగానే ఉంది. గ్యాస్ పోటు కాస్త ఎక్కువ. వేడి నీళ్లు తాగిన మనిషి నాడిలా కొట్టుకుంటోంది. అంటే మిషను చల్లబరుస్తూనే ఉంది, లోపల ఎక్కడో దానికి వేడిగాలి మేపుతున్నారు. ఆ లోపల ఏదో తేయోకు తెలుసు. తెలిసినా రెండోసారి కొలిచాడు. మూడోసారి కొలిచాడు. రోగి రోగం అటక మీద పెట్టుకుంటే డాక్టరు అరికాలు పరీక్షించినట్టుంది వ్యవహారం.

"ఏమంటుంది?" వెనక నుంచి హెర్లిందా.

"పైన చూడాలి."

"నడుం పడుతుందా?"

"పట్టకపోతే చెక్క కోసేద్దాం."

నిచ్చెన వేశాడు. నాలుగో మెట్టు మీద కాళ్లు ఆగిపోయాయి. హెర్లిందా కింద చీపురు పట్టుకుని సైనికురాలిలా నిలబడింది. "పైన బిగించడం అయ్యాక కేక వెయ్యండి. నేను రెండు కొడతాను, మీరు మూడు కొట్టండి, మీట నొక్కుతాను. పద్ధతి నాకూ తెలుసు," అంది.

తేయో తల అటకలోకి దూర్చాడు.

తెల్లవారుజామునే నూట అయిదు. ఇన్సులేషన్ పీచు వాసన, పాత చెక్క వాసన, వాటి కింద ఏదో చెంచో వాసన. తలకు కట్టుకున్న దీపం వెలుతురులో ధూళి రేణువులు కదలకుండా నిలబడి ఉన్నాయి, ఎవరో ఇప్పుడే మాట ఆపినట్టు. తేయో మోకాళ్ల మీద పాకాడు. రెండు దూలాల అవతల లోపలి ఫ్యాను, దానికి ఆనుకుని ఇంట్లో గాలిని వెనక్కి పీల్చుకునే రేకు పెట్టె. చెంచో తన గరాజులో తన చేత్తో వంచిన పెట్టె. వాళ్లు బిగించిన ప్రతి ఇంట్లోనూ చెంచో వంచిన పెట్టే ఉంటుంది. రేకు బిర్రుగా ఉండటానికి అందరూ ఎదురుబొదురు మూలలు కలుపుతూ రెండు గీతలు నొక్కుతారు. చెంచో నొక్కేవాడు కాదు. "అదంతా పెళ్లికూతురికి బుగ్గచుక్క, అటక మీద ఎవడు చూస్తాడు?" అనేవాడు. మూడు వైపులా నున్నటి రేకు, నాలుగో వైపు తలుపు.

రోగం ఎదురుగానే ఉంది. ఇంట్లోంచి వచ్చే లావుపాటి మెత్తటి గొట్టం పెట్టె మెడ దగ్గర పట్టీ ఊడి, పక్కకు జారి, నోరు తెరుచుకుని పడి ఉంది. ఫ్యాను ఇంట్లో గాలి మానేసి అటక మీది నిప్పుల గాలి పీల్చి, దాన్నే చల్లార్చలేక చల్లార్చి ఇంట్లోకి తోస్తోంది. పన్నెండు రోజులుగా హెర్లిందా ముఖాన కొట్టిన వేడి ఊపిరి ఇదే. పావుగంట పని. తేయోకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఇంతేనా! దీనికా నేను ఏడాది భయపడ్డాను!

"ఫ్యాను ఆపండి కొమాద్రే!" అని కేకేశాడు. ఆగింది. గొట్టాన్ని లాక్కొచ్చి పెట్టె మెడకు తొడిగాడు. అది మొండి ఎద్దులా వెనక్కి గుంజుతోంది. బోర్లా పడుకుని రెండు చేతులతో కౌగిలించుకున్నాడు. పట్టీ కొస పళ్ల మధ్య పెట్టి గుంజాడు. చెంప రేకుకు జానెడు దూరంలో ఉంది. నోరు తెరవడానికి లేదు, పళ్ల మధ్య పట్టీ ఉంది మరి. ఏదో మూలిగాడు. ఆ మూలుగునే కేక అనుకుంది కాబోలు హెర్లిందా.

కింద నుంచి రెండు దెబ్బలు వచ్చాయి. టక్, టక్.

జవాబు కొట్టాలి. చెయ్యి ఖాళీ లేదు. ఒక్క క్షణం ఆగండి అనబోయాడు, పట్టీ వదల్లేదు. ఆ క్షణం ఆమె ఆగలేదు. ఎప్పుడూ ఆగే అలవాటు లేదు. మీట నొక్కింది.

ఫ్యాను లేచింది. పెట్టె ఊపిరి లోపలికి పీల్చింది. తేయో కళ్ల ముందే ఒక వైపు నున్నటి రేకు లోపలికి గుంట పడింది. టక్. తర్వాత పైరేకు. తర్వాత అవతలిది.

టక్, టక్.

"వినబడింది కొంపాద్రే!" కింద నుంచి హెర్లిందా సంబరంగా అరిచింది. చెప్పుల చప్పుడు వంటింటి వైపు దూరమైంది.

తేయో కదల్లేదు. తను కొట్టలేదు. తను కొట్టకుండానే తన జవాబు కిందికి వెళ్లిపోయింది. ఈ క్షణాన తన గుండె ఆగిపోయినా, కింద ఆమె నిశ్చింతగా పెనం పెట్టుకుంటుంది. తను బానే ఉన్నట్టు కబురు అందిపోయింది. ఎవరూ పైకి రారు. చాలాసేపటి దాకా ఎవరూ రారు.

ముందు మీటా, ముందు జవాబా?

చెంచో పోయిన ఆ రోజు తను రెండు కొట్టాడు. ఏమీ రాలేదు. ఏమీ రాలేదు! చెయ్యి అప్పటికే మీట మీద ఉంది, ఎప్పటిలాగే. ఇంతలో కొడతాడులే అని నొక్కాడు. నొక్కాక వచ్చాయి మూడు. ఎప్పటిలాగే.

ఎప్పటిలాగే అన్న మాట దగ్గర తేయోకు ఒళ్లు చల్లబడింది, నూట అయిదు డిగ్రీల్లో. పంతొమ్మిదేళ్లు. ఎన్ని వందల ఇళ్లు! నొక్కడం, మూడు వినడం, సరే అనుకుని బయటికి నడవడం. వాటిల్లో చెంచో కొట్టినవెన్ని? రేకు కొట్టినవెన్ని? పంతొమ్మిదేళ్లుగా తను కింద నుంచి ఎవరితో మాట్లాడాడు?

ఏడాదిగా ఆపిన వాక్యం దానంతటదే పూర్తయింది. చెంచో స్పృహ తప్పి ఉన్నాడు, బతికి ఉన్నాడు, పైన. కింద గొడుగు నీడలో తను.

*

దిగేసరికి బల్ల మీద మచాకా అనే ఎండు మాంసం వేపుడు, గుడ్లు, గోధుమ రొట్టెలు. కంచాలు మూడు. ఇంట్లో అప్పుడే చల్లదనం మెల్లగా పాకుతోంది. హెర్లిందా నెత్తి మీది గుడ్డ తీసేసింది. పదేళ్లు తగ్గినట్టుంది.

"ఇంతకీ ఏమైంది మా ఆయనకి?"

"మెడ... మెడ దగ్గర గొట్టం ఊడింది."

"చూశారా, గొంతు పట్టేసింది పాపం! నేనేదో అలిగాడనుకున్నాను." రొట్టె తిప్పుతూ నవ్వింది. "మీరు కొట్టిన దెబ్బలు కూడా అచ్చం ఆయన కొట్టినట్టే ఉన్నాయి."

తేయో కుర్చీలో కూలబడ్డాడు. ఊరుకుంటే సరిపోతుంది. కడుపు నిండా తిని, చేతులు తుడుచుకుని, దేవుడి దయ అని వెళ్లిపోవచ్చు. సాయంత్రం ఏడింటికి ఆమె కొడుతుంది, మొగుడు పలుకుతాడు, తను కొంపాద్రేగా మిగిలిపోతాడు. రొట్టె తుంచాడు. నోటిదాకా వెళ్లి చెయ్యి ఆగింది.

"నేను కొట్టలేదు కొమాద్రే."

ఆమె గబుక్కున నుదుటి మీద శిలువ గుర్తు వేసుకుంది. మొహం వెలిగింది. "అయితే ఆయనే!"

"ఆయనా కాదు. పెట్టె రేకు. ఫ్యాను వేస్తే లోపలికి గుంట పడుతుంది. గొట్టం ఊడిన ఈ పన్నెండు రోజులూ ఆ లాగుడు లేదు, అందుకే చప్పుడూ లేదు. మూడు వైపులా మూడు చప్పుళ్లు. నా కళ్లతో చూశాను."

పెనం మీద రొట్టె మాడింది. హెర్లిందా పొయ్యి ఆపింది. వెళ్లి థర్మోస్టాట్ ముందు నిలబడింది. ఆపింది. ఇల్లు నిశ్శబ్దమయ్యేదాకా ఆగింది. చీపురుతో రెండు కొట్టింది. నొక్కింది. టక్. టక్, టక్. ఆపింది. ఈసారి రెండు కొట్టింది గానీ మీట ముట్టుకోలేదు. నిలబడి ఎదురుచూసింది. బాగా ఎదురుచూసింది. ఏమీ రాలేదు. చీపురు పక్కన పెట్టి, అసలు కొట్టకుండా మీట ఒక్కటే నొక్కింది. టక్. టక్, టక్. తేయో చూస్తూ కూర్చున్నాడు. పనితనం తెలిసిన మెకానిక్కులాగే, ఒక్కోటీ విడదీసి, తన మొగుణ్ణి పరీక్షిస్తోంది ఆమె.

మళ్లీ ఆపేసి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఆ రోజు?"

"రెండు కొట్టాను. జవాబు రాలేదు. నొక్కాను. వచ్చింది."

"రాకముందే ఎందుకు నొక్కారు?"

"ఎప్పుడూ అలాగే నొక్కేవాణ్ణి."

"తర్వాత?"

"బయటికెళ్లాను."

"ఎంతసేపు?"

"నలభై నిమిషాలు." తుంచిన రొట్టె కంచంలో పెట్టేశాడు. "అప్పటికి బతికే ఉన్నాడన్నాడు డాక్టరు. నాకు ఆ రోజే చెప్పాడు. మీకు నేను చెప్పలేదు."

హెర్లిందా అప్పుడు తిరిగింది. తిడుతుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె మూడో కంచం వైపు చూసింది.

"ఏడాది పాటు రేకు డబ్బాకి అన్నం పెట్టాను."

"కొమాద్రే..."

"దాని నోరు మూయించండి."

"రెండు మూడు పట్టీలు అడ్డంగా బిగిస్తే చాలు, ఇంక కదలదు. రేపు తెల్లారి వస్తాను. ఎండ ఎక్కేసింది."

"ఇప్పుడే." చీపురు చేతిలోకి తీసుకుంది. "నేను కింద ఉంటాను."

తేయో పట్టీలు, మరలు, డ్రిల్లు సంచిలో వేసుకుని మళ్లీ ఎక్కాడు. అటక నూట ఇరవైకి దగ్గర పడింది. మొదటి మర బిగించేలోపే కింద నుంచి వచ్చాయి రెండు. టక్, టక్.

వేలి కణుపులతో చెక్క మీద మూడు కొట్టాడు.

"కొట్టొద్దు!" అంది కింద గొంతు. కప్పుకు నోరు ఆనించి అరుస్తున్నట్టుంది. "రేకు కూడా కొడుతుంది. పలకండి!"

"ఉన్నాను!"

నిమిషం. టక్, టక్.

"ఉన్నాను!"

నిమిషం. టక్, టక్. చేతిలో మర జారి పీచులో పడింది. వెతుక్కుంటూనే పలికాడు. ఆమె ఒక్క నిమిషం తప్పనివ్వడం లేదు. చెమట కళ్లలోకి దిగి పెట్టె రెండుగా కనిపిస్తోంది. ఒక పట్టీ అయింది. అవతలి వైపుకు పాకాలి. టక్, టక్. ఉన్నాను. పాకుతూ ఉన్నాను. దూలం మోకాల్లో గుచ్చుకుంటూ ఉన్నాను. పదో దెబ్బకో పన్నెండో దెబ్బకో తేయోకు ఒక సంగతి తోచింది. ఈ ఒక్క మాట చెంచోను ఎవరూ అడగలేదు. నిమిషానికొకసారి కాకపోయినా, పదికొకసారి, ఒక్కసారి, పలకండి కొంపాద్రే అని ఎవరైనా అని ఉంటే పలకలేకపోయేవాడు. ఆ పలకలేకపోవడమే కిందికి వినబడి ఉండేది.

గొంతు ఎండింది. మాట గరగరమంటోంది. "ఉన్నాను" అన్న ప్రతిసారీ అది అబద్ధంలా, అప్పు తెచ్చుకున్న మాటలా, ఇంకొకరి నోటి నుంచి లాక్కున్నట్టుగా ఉంది. మూడో పట్టీ చివరి మర తిరిగి ఆగిపోయింది. పని అయిపోయింది. టక్, టక్ మాత్రం ఆగలేదు. దిగుతానని అరిచాడు.

"ఇంకా ఉంది!" అంది కింద గొంతు. "పలకండి!"

అప్పుడర్థమైంది తేయోకు ఆమె లెక్కపెడుతోందని. దిగలేదు. దూలం మీద తల ఆనించి, పెట్టె పక్కనే, చెంచో పడుకుని ఉంటాడనిపించిన తీరులో పక్కకు ఒరిగి, అడిగినప్పుడల్లా పలికాడు. మధ్యలో ఒకసారి గొంతు బొత్తిగా రాలేదు. కింద వెంటనే నిచ్చెన కిర్రుమంది. ఆమె తల అటక కంతలోంచి పైకి వచ్చింది. చీకట్లో ఆ రెండు కళ్లు అతన్నే చూశాయి. "ఉన్నాను," అన్నాడు గుసగుసగా. తల దిగిపోయింది. మళ్లీ నిమిషానికి రెండు దెబ్బలు.

నలభై ఒకటోది రాలేదు.

తేయో దిగివచ్చేసరికి హెర్లిందా కుండెడు నీళ్లతో నిలబడి ఉంది. అతని తలమీద సగం పోసి, మిగతాది తాగించింది. అతని చెయ్యి గట్టిగా, దయ లేకుండా, బిడ్డకు మందు పట్టే తల్లిలా పట్టుకుంది. ఆమెకు ఇంకా తను కొంపాద్రేయేనా అని అడిగే మొహం తేయోకు లేదు.

ఆమె థర్మోస్టాట్ దగ్గరికి నడిచింది. మీట మీద వేలు పెట్టి అతని వైపు చూసింది.

"మీరు నొక్కండి," అంది.

తేయో నొక్కాడు.

పైన ఫ్యాను లేచిన హోరు. గొట్టాల్లో గాలి పరుగు. రేకు పెట్టె ఊపిరి పీల్చుకునే ఉంటుంది; పన్నెండు మరలు దాన్ని గట్టిగా పట్టుకునే ఉంటాయి. ఆ మరలు తిప్పిన చేతులు తేయోవే. చప్పుడు రాదని ఆ ఊళ్లో అతనికంటే బాగా తెలిసినవాడు లేడు.

కప్పు గొట్టంలోంచి చల్లటి గాలి దిగి ఇద్దరి నెత్తి మీదా పడింది. మంచి గాలి. లోపం లేని గాలి. పన్నెండు రోజులుగా ఆ ఇంటికి కావలసిన గాలి. బల్ల మీద ఎవరూ ముట్టని కంచంలో రొట్టె కొస కదిలింది.

ఇద్దరూ తలలెత్తి కప్పు వైపే చూస్తూ నిలబడ్డారు. ముందు తల దించేదెవరో ఇద్దరికీ తెలియలేదు.